గ్రబ్ మొండికేస్తే: లినక్స్ బూట్ కాన్ఫిగరేషన్ తప్పులను పట్టుకుని సరిచేయడం ఎలా

కంప్యూటర్ ఆన్ చేయగానే లినక్స్‌ను లేపే బూట్‌లోడర్ పేరు గ్రబ్. నేను మొదటిసారి గ్రబ్‌ని పాడుచేసుకున్నది ఒక్క కోట్ గుర్తు వల్ల. మెనూ పది సెకన్లు ఆగుతోంది, రెండుకు తగ్గిద్దామని /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్ తెరిచాను. పనిలో పనిగా కెర్నల్ (లినక్స్‌కు మూలమైన ప్రోగ్రామ్) ఆప్షన్ల లైన్లో కూడా చెయ్యి పెట్టాను. చివరి కోట్ ఎగిరిపోయింది. అప్‌డేట్-గ్రబ్ కొడితే ఏదో ఎర్రర్ వచ్చింది, చదవలేదు. రీస్టార్ట్ చేస్తే మెనూ మళ్లీ పది సెకన్లే ఆగింది. చిరాకేసి, నేరుగా గ్రబ్.సీఎఫ్‌జీ ఫైల్‌నే ఎడిట్ చేశాను. అక్కడ ఒక ఫ్లవర్ బ్రాకెట్ చెరిపేశాను. తర్వాత ఆన్ చేస్తే మెనూ లేదు, నల్ల తెర మీద గ్రబ్> అని ఒక్క ముక్క. టెన్షన్‌లో సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. సగం రోజు పోయింది.

నిజానికి ఆ రోజు నా ఫైళ్లకు ఏమీ కాలేదు, కెర్నల్‌కూ ఏమీ కాలేదు. పాడైంది ఒక టెక్స్ట్ ఫైల్. దాన్ని మళ్లీ పుట్టించడానికి ఒక్క కమాండ్ చాలు. బూట్‌లోడర్ తప్పుల్లో చాలావరకు ఇలాంటివే. కంప్యూటర్ ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే మందు చిన్నదే. అది తెలుసుకోకుండా దొరికిన కమాండ్లన్నీ వరుసగా కొట్టుకుంటూ పోతేనే చిన్న తప్పు పెద్దదవుతుంది.

కమాండ్ల గురించి ఒక మాట. ఇక్కడ వాటిని నోటితో చెప్పుకునేట్టు తెలుగులో రాశాను. టైప్ చేయాల్సింది మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. అంకెలు, గీతలు, ఈక్వల్ గుర్తులు, ఖాళీలు ఇక్కడ ఎలా ఉన్నాయో అలాగే. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెబుతాను. ఉదాహరణలు ఉబుంటు, డెబియన్ కుటుంబానికి సరిపోతాయి. ఫెడోరా వాళ్లకు తేడా ఉన్నచోట ఆగి చెబుతాను.

ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి

పవర్ నొక్కగానే మొదట లేచేది మదర్‌బోర్డ్‌లోని ఫర్మ్‌వేర్. కొత్త మెషీన్లలో యూఈఎఫ్‌ఐ, పాతవాటిలో బయోస్. యూఈఎఫ్‌ఐ తన మెమరీలో ఒక బూట్ జాబితా దాచుకుంటుంది. ఫలానా డిస్క్, ఫలానా ఈఎఫ్‌ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లు ఉండే డిస్క్ భాగం), ఫలానా ఫైల్ అని ప్రతి ఎంట్రీలో రాసి ఉంటుంది. ఉబుంటులో ఆ ఫైల్ పేరు షిమ్, ఫర్మ్‌వేర్ నమ్మే సంతకం ఉన్న చిన్న ప్రోగ్రామ్. షిమ్ గ్రబ్‌ని లేపుతుంది. గ్రబ్ తన పక్కనే ఉన్న మూడు లైన్ల చిన్న కాన్ఫిగ్ చదివి, అందులోని యూయూఐడీని (పార్టిషన్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు నంబర్) బట్టి లినక్స్ పార్టిషన్ వెతుక్కుని, /బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ తెరుస్తుంది. మనకు కనిపించే మెనూ అక్కడి నుంచే వస్తుంది. మనం ఒకటి ఎంచుకుంటే కెర్నల్‌నూ, దానికి తోడుగా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌నూ (మొదట్లో కావాల్సిన డ్రైవర్లున్న చిన్న మూట) మెమరీలోకి ఎక్కించి, గ్రబ్ పక్కకు తప్పుకుంటుంది.

బయోస్ మెషీన్లో దారి వేరు. డిస్క్ మొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో 64 బైట్లు పార్టిషన్ టేబుల్‌కు, 2 బైట్లు సంతకానికి పోగా బూట్ కోడ్‌కు మిగిలేది 446 బైట్లే. ఫైల్‌సిస్టమ్ చదివే తెలివి అంత చోటులో పట్టదు. అందుకే గ్రబ్ తన రెండో ముక్కను ఆ సెక్టార్‌కూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఖాళీలో దాచుకుంటుంది. డిస్క్ జీపీటీ పద్ధతిలో (పార్టిషన్ టేబుల్ రాసే కొత్త పద్ధతి) ఉంటే ఆ ముక్క కోసం ప్రత్యేకంగా బయోస్ బూట్ పార్టిషన్ అని ఒకటి పెట్టాలి. 1 ఎంబీ సరిపోతుంది.

ముందు తెర చదవండి

లోగో పోయాక గ్రబ్ ఊసే లేకుండా బూట్ డివైస్ లేదని వచ్చినా, నేరుగా విండోస్‌లోకి వెళ్లిపోయినా, ఫర్మ్‌వేర్‌కు గ్రబ్ దొరకలేదన్నమాట. అప్పుడు గ్రబ్.సీఎఫ్‌జీని ఎన్నిసార్లు సరిచేసినా లాభం లేదు. ఇంకా అక్కడిదాకా ఎవరూ వెళ్లలేదు.

గ్రబ్ రెస్క్యూ> అని కనిపిస్తే గ్రబ్ లేచింది గానీ తన మాడ్యూళ్లు (అదనపు పనులు చేసే ముక్కలు) ఉన్న ఫోల్డర్ దొరకలేదు. ఉత్త గ్రబ్> అయితే మాడ్యూళ్లు దొరికాయి, కాన్ఫిగ్ ఫైల్ లేదు, లేదా ఉన్నది పాడైంది. ఈ రెండు ప్రాంప్టులు చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ చికిత్స వేరు.

మెనూ వచ్చి, ఎంచుకున్నాక ఫైల్ లేదనో, డివైస్ లేదనో ఎర్రర్ వస్తే కాన్ఫిగ్‌లో రాసి ఉన్న అడ్రస్ తప్పు. కెర్నల్ మెసేజీలు తెర మీద పరుగెత్తి, ఆ తర్వాత ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గరో, కెర్నల్ పానిక్ దగ్గరో ఆగితే గ్రబ్ తన పని తాను చేసేసింది. చాలామంది అక్కడ కూడా గ్రబ్‌నే తిడతారు. అది కెర్నల్‌కు ఇచ్చిన పార్టిషన్ పేరునో, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌నో అనుమానించాల్సిన సందర్భం.

ఇంకో చిన్న సంగతి. ఉబుంటులో దాక్కున్న మెనూను పిలవడానికి ఎస్కేప్ కీ రెండు మూడుసార్లు నొక్కితే, మెనూ దాటిపోయి గ్రబ్> ప్రాంప్ట్‌లో పడతారు. ఏదో పాడైపోయిందని కంగారు పడొద్దు. నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. మెనూ వస్తుంది. బయోస్ మెషీన్లలో అయితే ఎస్కేప్ బదులు షిఫ్ట్ పట్టుకోవాలి.

గ్రబ్> దగ్గర నుంచి చేత్తో బూట్ చేయడం

ఇది ఒకసారి చేతితో చేసి చూస్తే గ్రబ్ అంటే భయం పోతుంది. కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాను. ముందు ఎల్ఎస్ అని కొట్టండి. ఇలాంటిది వస్తుంది:

(హెచ్‌డీ0) (హెచ్‌డీ0,జీపీటీ1) (హెచ్‌డీ0,జీపీటీ2)

డిస్కుల లెక్క సున్నా నుంచి, పార్టిషన్ల లెక్క ఒకటి నుంచి. పాత తరం గ్రబ్‌లో పార్టిషన్లు కూడా సున్నా నుంచే ఉండేవి, అందుకే పాత సలహాలు ఇక్కడ పనిచేయవు. ఇప్పుడు ఒక్కో పార్టిషన్‌లోకి తొంగిచూడండి:

ఎల్ఎస్ (హెచ్‌డీ0,జీపీటీ2)/

చివరి స్లాష్ మర్చిపోవద్దు. అది లేకపోతే ఫోల్డర్లు చూపించదు, పార్టిషన్ ఏ రకం, దాని యూయూఐడీ ఎంత అని మాత్రమే చెబుతుంది. అదీ పనికొచ్చేదే, తర్వాత వాడతాం. బూట్, ఈటీసీ, హోమ్, యూఎస్ఆర్ లాంటి పేర్లు కనిపించాయంటే అదే మీ రూట్ పార్టిషన్. కాన్ఫిగ్ ఫైల్ నిజంగా ఉందా, గ్రబ్ వేరే చోట వెతుకుతోందా అని ముందే తేల్చుకోవచ్చు:

కాన్ఫిగ్‌ఫైల్ (హెచ్‌డీ0,జీపీటీ2)/బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ

మెనూ లేస్తే అదృష్టం. లేవకపోతే నాలుగు లైన్లు:

సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ2)
లినక్స్ /బూట్/విఎంలినజ్-… రూట్=/డెవ్/ఎస్‌డీఏ2 ఆర్ఓ
ఇనిట్ఆర్‌డీ /బూట్/ఇనిట్ఆర్‌డీ.ఐఎంజీ-…
బూట్

చుక్కలు పెట్టిన చోట కెర్నల్ వెర్షన్ నంబర్ వస్తుంది. గుర్తుపెట్టుకోనక్కర్లేదు, డాష్ దాకా రాసి ట్యాబ్ కొడితే గ్రబ్బే పూర్తి చేస్తుంది, లేదా ఉన్నవన్నీ చూపిస్తుంది. రెండు లైన్లలోనూ వెర్షన్ ఒకటే ఉండాలి. వేర్వేరుగా పెడితే కెర్నల్ లేస్తుంది గానీ, దానికి కావాల్సిన డ్రైవర్లు ఆ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉండవు. ఇనిట్ఆర్‌డీ లైన్‌కు ముందు కెర్నల్ లోడ్ చేయమని ఎర్రర్ వస్తే, లినక్స్ లైనే ఫెయిలైందని అర్థం. పైకి వెళ్లి దాన్ని చూడండి.

కొత్తవాళ్లు తడబడేది రెండు రూట్‌ల దగ్గర. మొదటి లైన్లో రూట్ గ్రబ్ కోసం, కెర్నల్ ఫైల్ ఏ పార్టిషన్‌లో ఉందో చెప్పడానికి. రెండో లైన్లో రూట్ కెర్నల్ కోసం, సిస్టమ్ మొత్తం ఎక్కడుందో చెప్పడానికి. బూట్‌కు వేరే పార్టిషన్ ఉంటే ఈ రెండూ వేరవుతాయి. అప్పుడు కెర్నల్ దారి కూడా మారుతుంది: /బూట్/విఎంలినజ్ కాదు, ఉత్త /విఎంలినజ్.

హెచ్‌డీ0 అంటే ఎస్‌డీఏ అనే గ్యారంటీ లేదు. ఎన్‌విఎంఈ డిస్క్ అయితే పేరు /డెవ్/ఎన్‌విఎంఈ0ఎన్1పీ2 లాగా ఉంటుంది. ఊహించడం కంటే, ఏ పార్టిషన్ ఎక్కడ అతుకుతుందో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌నే అడగడం మేలు:

క్యాట్ (హెచ్‌డీ0,జీపీటీ2)/ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్

స్లాష్ ఒక్కటే ఉన్న లైన్ చూడండి. దాని యూయూఐడీని రూట్=యూయూఐడీ=… అని ఇచ్చేయొచ్చు. ఇక్కడ యూయూఐడీ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. పొడుగాటి నంబర్ టైప్ చేయడం విసుగే, గానీ ఇది తప్పు పార్టిషన్‌కు పోదు.

సిస్టమ్ లేచాక ఊరుకోకండి. ఇది ఈ ఒక్కసారికే. లాగిన్ అయ్యి సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టకపోతే రేపు మళ్లీ ఇదే తెర.

గ్రబ్ రెస్క్యూ> అయితే

ఇక్కడ గ్రబ్ చేతిలో ఉన్న కమాండ్లు నాలుగే: ఎల్ఎస్, సెట్, అన్‌సెట్, ఇన్స్‌మాడ్. ట్యాబ్ పనిచేయదు. క్యాట్ లేదు. ముందు ఉత్త సెట్ అని కొట్టండి, గ్రబ్ ప్రస్తుతం ఏ ప్రిఫిక్స్ (మాడ్యూళ్లు ఉన్న ఫోల్డర్ అడ్రస్) నమ్ముకుని ఉందో చెబుతుంది. పార్టిషన్ చెరిపి కొత్తది చేసినప్పుడో, మధ్యలో ఒకటి తీసేసి నంబర్లు మారినప్పుడో ఆ అడ్రస్ ఖాళీ ఇల్లవుతుంది. పైన చేసినట్టే ఎల్ఎస్‌తో ఒక్కొక్కటీ వెతకండి. ఒక పార్టిషన్‌కు ఫైల్‌సిస్టమ్ తెలియదని వస్తే తర్వాతి దానికి పోండి. బూట్/గ్రబ్ ఉన్నది దొరికాక:

సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,జీపీటీ2)/బూట్/గ్రబ్
సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ2)
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

మెనూ వస్తే సగం గెలిచినట్టే. మిగతా సగం లోపలికి వెళ్లాక, గ్రబ్‌ను మళ్లీ డిస్క్ మీద రాసే గ్రబ్-ఇన్‌స్టాల్. బయోస్ మెషీన్లో దానికి డిస్క్ పేరు ఇవ్వాలి, పార్టిషన్ పేరు కాదు: సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ. ఎస్‌డీఏ1 కాదు. యూఈఎఫ్‌ఐ మెషీన్లో డిస్క్ పేరు అక్కర్లేదు, ఈఎఫ్‌ఐ పార్టిషన్ /బూట్/ఈఎఫ్‌ఐ దగ్గర మౌంట్ అయి (ఆ ఫోల్డర్‌కు అతికి) ఉంటే చాలు.

అన్ని పార్టిషన్లకూ తెలియని ఫైల్‌సిస్టమ్ అనే జవాబు వస్తే డిస్క్ పోయిందనుకోవద్దు. ఎన్‌క్రిప్ట్ చేసిన పార్టిషన్ అయ్యుండొచ్చు. లేదా కొత్త టూల్‌తో ఫార్మాట్ చేసిన ఎక్స్‌ట్4లో, ఈ పాత గ్రబ్‌కు అర్థంకాని ఫీచర్ ఏదైనా ఆన్ అయి ఉండొచ్చు.

ఇన్స్‌మాడ్ నార్మల్ దగ్గర ఫలానా సింబల్ దొరకలేదని వస్తే కథ వేరు. గ్రబ్ బూట్ ముక్క ఒక వెర్షన్, డిస్క్ మీది మాడ్యూళ్లు ఇంకో వెర్షన్ అన్నమాట. 2020 జులైలో బూట్‌హోల్ అనే భద్రతా లోపం కోసం అన్ని డిస్ట్రోలూ (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాలు) గ్రబ్‌ను అప్‌డేట్ చేసినప్పుడు చాలామందికి ఇది ఎదురైంది. రెండు డిస్కులున్న మెషీన్లో అప్‌డేట్ ఒక డిస్క్‌కు కొత్త ముక్క రాసి, ఫర్మ్‌వేర్ మాత్రం రెండో డిస్క్‌లోని పాత ముక్కతో లేస్తే ఇదే జరుగుతుంది. ప్రిఫిక్స్ మార్చి లాభం లేదు. లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) నుంచి, నిజంగా బూట్ అవుతున్న డిస్క్ మీద గ్రబ్-ఇన్‌స్టాల్ చేయాలి.

మెనూ ఉంది, ముందుకు పోదు

ఎంట్రీ మీద నిలబడి కీబోర్డ్ మీద ఇంగ్లిష్ 'ఈ' (e) అక్షరం నొక్కండి. ఆ ఎంట్రీ వెనకున్న లైన్లన్నీ కనిపిస్తాయి. లినక్స్ అని మొదలయ్యే లైన్ చివరికి వెళ్లి మార్చి, కంట్రోల్-ఎక్స్ గానీ ఎఫ్10 గానీ కొడితే ఆ మార్పుతో బూట్ అవుతుంది. ఇక్కడ చేసింది డిస్క్ మీద రాయదు కాబట్టి ఎన్ని ప్రయోగాలైనా చేయొచ్చు. గ్రాఫిక్స్ వల్ల నల్ల తెర వస్తోందని అనుమానముంటే క్వైట్, స్ప్లాష్ తీసేసి నోమోడ్‌సెట్ పెట్టి చూడండి. క్వైట్ తీసేస్తే కెర్నల్ ఎక్కడ ఆగిందో కళ్లతో చూడొచ్చు కూడా.

డివైస్ లేదు అని ఒక యూయూఐడీ చూపిస్తే, ఆ నంబర్ ఇప్పుడు డిస్క్ మీద లేదు. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ యూయూఐడీ కొత్తది పుడుతుంది. డిస్క్‌ను క్లోన్ చేస్తే దీనికి పూర్తిగా ఎదురు: ఒకే యూయూఐడీతో రెండు పార్టిషన్లు ఉంటాయి, గ్రబ్ ఏది ముందు కనిపిస్తే దాన్ని పట్టుకుంటుంది. మీరు కొత్త డిస్క్ నుంచి లేచామనుకుంటారు, నిజానికి పాతదే నడుస్తుంటుంది. క్లోన్ చేశాక పాత డిస్క్ కేబుల్ పీకి మొదటిసారి బూట్ చేయడం నా అలవాటు.

ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్‌లో పడితే బీఎల్‌కేఐడీ అని కొట్టండి. ఎర్రర్‌లో చూపించిన యూయూఐడీని ఈ జాబితాతో పోల్చండి. జాబితాలో ఉంటే డిస్క్ ఆలస్యంగా లేచిందేమో, లేకపోతే కాన్ఫిగ్ తప్పు. జాబితాలో మీ డిస్కే లేకపోతే డ్రైవర్ సంగతో, కేబుల్ సంగతో చూడాలి. గ్రబ్ జోలికి పోనక్కర్లేదు.

కెర్నల్ పానిక్‌లో రూట్ ఎఫ్ఎస్ మౌంట్ కాలేదు, అన్‌నోన్-బ్లాక్(0,0) అని కనిపించడానికి బాగా మామూలు కారణం /బూట్ నిండిపోవడం. అప్‌డేట్ సగంలో చోటు చాలక ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ సరిగా తయారవదు, కొత్త కెర్నల్ మాత్రం మెనూలో పైన కూర్చుంటుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో లేవండి. డీఎఫ్ -హెచ్ /బూట్ కొట్టి చూడండి. వంద శాతం ఉంటే సుడో ఏపీటీ ఆటోరిమూవ్‌తో పాత కెర్నల్స్ తీయండి. ఆర్‌ఎమ్‌తో చేత్తో చెరిపితే ప్యాకేజీ లెక్కలు తప్పుతాయి, అంతకంటే ముఖ్యంగా ఇప్పుడు నడుస్తున్నదాన్నే చెరిపే ప్రమాదం ఉంది. తర్వాత సుడో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యు -కే ఆల్, ఆపైన సుడో అప్‌డేట్-గ్రబ్.

కాన్ఫిగ్‌ని ఎక్కడ ముట్టుకోవాలి, ఎక్కడ కూడదు

గ్రబ్.సీఎఫ్‌జీ తెరిస్తే మొదట్లోనే ఎడిట్ చేయొద్దని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. నేను చదవనిది అదే. మీరు అందులో ఏం మార్చినా తర్వాతి కెర్నల్ అప్‌డేట్ తుడిచేస్తుంది. మన చోటు /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్. సొంత ఎంట్రీలు కావాలంటే /ఈటీసీ/గ్రబ్.డీ ఫోల్డర్లోని 40_కస్టమ్ ఫైల్.

డిఫాల్ట్ ఫైల్‌ను షెల్ చదువుతుంది. అంటే షెల్ నియమాలే. ఈక్వల్‌కు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. తెరిచిన కోట్ మూయాలి. ఫోన్‌లోంచి కాపీ చేసిన వంకర కోట్లు వద్దు, నిటారు కోట్లే. పేర్లన్నీ పెద్ద అక్షరాలు:

గ్రబ్_టైమవుట్=5
గ్రబ్_టైమవుట్_స్టైల్=మెనూ
గ్రబ్_డిఫాల్ట్=0

ఇక్కడ ఈక్వల్ తర్వాత వచ్చే మెనూ లాంటి విలువలు మళ్లీ చిన్న అక్షరాలే. డిఫాల్ట్ లెక్క సున్నా నుంచి. మూడో ఎంట్రీ కావాలంటే 2 అని రాయాలి. సబ్‌మెనూలో ఉన్నదాన్ని కావాలంటే "1>2" అని కోట్లలో, అంటే రెండో ఎంట్రీ లోపల మూడోది. చివరిసారి ఎంచుకున్నదే మళ్లీ రావాలంటే డిఫాల్ట్‌ను సేవ్డ్ అని పెట్టి, గ్రబ్_సేవ్‌డిఫాల్ట్=ట్రూ కూడా చేర్చాలి. రెండో లైన్ మర్చిపోయి మొదటిదే పెట్టినవాళ్లు ఇది పనిచేయదని అనుకుంటారు.

సేవ్ చేశాక సుడో అప్‌డేట్-గ్రబ్. ఇది నిజానికి గ్రబ్-ఎంకేకాన్ఫిగ్‌కు ముద్దుపేరు లాంటిది. అది కొత్త ఫైల్‌ను ముందు పక్కన తయారుచేసి, తప్పు లేకపోతేనే పాతదాని స్థానంలో పెడుతుంది. నా కోట్ తప్పు కంప్యూటర్‌ను ఆపలేకపోయింది అందుకే. ఆపింది నా చేతి ఎడిటింగ్. అనుమానముంటే గ్రబ్-స్క్రిప్ట్-చెక్ /బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ కొట్టండి. ఏమీ అనకపోతే వ్యాకరణం బాగుందని.

అప్‌డేట్ బాగానే అయింది, మార్పు మాత్రం రాలేదంటే రెండు చోట్ల వెతకండి. ఒకటి, /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్.డీ ఫోల్డర్. అందులోని ఫైళ్లు మీ ఫైల్ తర్వాత చదవబడి, మీరు రాసినదాన్ని తోసేస్తాయి. రెండోది ఇంకా చిత్రమైనది: ఒకే డిస్క్‌లో రెండు లినక్స్‌లు ఉంటే మెనూ చూపించే గ్రబ్ ఒకదానిది, మీరు అప్‌డేట్ చేసింది ఇంకోదానిది. ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ కొడితే బూట్‌కరెంట్ అన్న లైన్లో, ఇప్పుడు ఎవరి గ్రబ్‌తో లేచారో తెలుస్తుంది. ఆ డిస్ట్రోలోకి వెళ్లి అప్‌డేట్ చేయాలి.

విండోస్ మెనూలో మాయమైందా? 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఓఎస్-ప్రోబర్‌ను (వేరే ఓఎస్‌లను వెతికి మెనూలో చేర్చే టూల్) భద్రత కోసం ఆపేసి ఉంచారు. డిఫాల్ట్ ఫైల్లో గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అని చేర్చి అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. డిజేబుల్‌కు ఫాల్స్ అంటే ఆన్. రెండు కాదనడాలు కలిస్తే అవుననడం.

ఏదీ కుదరకపోతే లైవ్ యూఎస్‌బీ

ముందు ఒక్కటి చూసుకోండి. మీ సిస్టమ్ యూఈఎఫ్‌ఐలో ఇన్‌స్టాల్ అయి ఉంటే యూఎస్‌బీ కూడా యూఈఎఫ్‌ఐ మోడ్‌లోనే లేవాలి. టెర్మినల్లో ఎల్ఎస్ /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ కొడితే ఫోల్డర్ ఉంటే సరే, లేకపోతే పాత మోడ్‌లో లేచారు. రీస్టార్ట్ చేసి బూట్ మెనూలో అదే యూఎస్‌బీకి యూఈఎఫ్‌ఐ అని ముందున్న ఎంట్రీ ఎంచుకోండి. నేను చూసిన విఫలమైన రిపేర్లలో చాలావాటికి మూలం ఇదే.

ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొట్టి ఏది రూట్, ఏది ఈఎఫ్‌ఐ పార్టిషన్ అని కాగితం మీద రాసుకోండి. ఈఎఫ్‌ఐ పార్టిషన్ విఫ్యాట్ అని, చిన్న సైజులో కనిపిస్తుంది. రూట్ ఎస్‌డీఏ2, ఈఎఫ్‌ఐ ఎస్‌డీఏ1 అనుకుందాం:

సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ2 /ఎంఎన్‌టీ
సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ1 /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్‌ఐ
సుడో మౌంట్ --ఆర్‌బైండ్ /డెవ్ /ఎంఎన్‌టీ/డెవ్
సుడో మౌంట్ --ఆర్‌బైండ్ /ప్రాక్ /ఎంఎన్‌టీ/ప్రాక్
సుడో మౌంట్ --ఆర్‌బైండ్ /సిస్ /ఎంఎన్‌టీ/సిస్
సుడో మౌంట్ --ఆర్‌బైండ్ /రన్ /ఎంఎన్‌టీ/రన్
సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ

బూట్‌కు వేరే పార్టిషన్ ఉంటే ఈఎఫ్‌ఐ కంటే ముందు దాన్ని /ఎంఎన్‌టీ/బూట్ దగ్గర మౌంట్ చేయాలి. మర్చిపోతే ఖాళీ ఫోల్డర్లోకి అన్నీ రాసి, అంతా సరిపోయిందని చెప్పి, రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే తెర చూపిస్తుంది. ఉత్త బైండ్ బదులు ఆర్‌బైండ్ ఎందుకంటే, /సిస్ లోపల ఈఎఫ్‌ఐ వేరియబుళ్లు ఉండే చోటు విడి మౌంట్. అది కూడా కలిసిరావాలి.

ఫైల్‌సిస్టమ్ బీటీఆర్ఎఫ్ఎస్ అయితే మౌంట్‌లో -ఓ సబ్‌వోల్=@ చేర్చాల్సి రావచ్చు. మౌంట్ చేశాక @, @హోమ్ అని రెండు ఫోల్డర్లు కనిపిస్తే అదే గుర్తు. ఎన్‌క్రిప్షన్ ఉంటే ముందు క్రిప్ట్‌సెటప్ ఓపెన్ చేసి, ఎల్‌విఎమ్ (డిస్క్ చోటును కలిపి పంచే పద్ధతి) కూడా ఉంటే విజీచేంజ్ -ఏవై కొట్టాలి. తెరిచేటప్పుడు పెట్టే పేరు మీ సిస్టమ్‌లోని /ఈటీసీ/క్రిప్ట్‌ట్యాబ్‌లో ఉన్న పేరే అవ్వాలి, లేకపోతే కొత్తగా తయారయ్యే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌కు పాస్‌వర్డ్ అడగాలనే సంగతి తెలియదు.

సీహెచ్‌రూట్‌తో మీ సిస్టమ్ లోపలికి వెళ్లాక గ్రబ్-ఇన్‌స్టాల్, తర్వాత అప్‌డేట్-గ్రబ్. ఈఎఫ్‌ఐ వేరియబుళ్లకు సపోర్ట్ లేదని వస్తే మోడ్ తప్పు. జీపీటీలో బయోస్ బూట్ పార్టిషన్ లేదని వస్తే ఆ చిన్న పార్టిషన్ చేయాలి, లేదా అసలు యూఈఎఫ్‌ఐలో చేయాల్సింది పొరపాటున బయోస్ పద్ధతిలో చేస్తున్నారు. --ఫోర్స్ పెట్టమని గ్రబ్బే దారి చూపిస్తుంది గానీ, ఆ దారిలో పోకండి. ఎర్రర్ లేదని రెండు కమాండ్లూ చెప్పాక ఎగ్జిట్, రీబూట్.

ఫెడోరా వాళ్లు యూఈఎఫ్‌ఐ మెషీన్లో గ్రబ్2-ఇన్‌స్టాల్ కొట్టొద్దు. అది రాసే ఫైల్‌కు సంతకం ఉండదు, సెక్యూర్ బూట్ (సంతకం చూసే ఫర్మ్‌వేర్ కాపలా) దాన్ని గుమ్మం దాటనివ్వదు. షిమ్, గ్రబ్2-ఈఎఫ్‌ఐ ప్యాకేజీలను డీఎన్ఎఫ్ రీఇన్‌స్టాల్ చేస్తే చాలు. ఫెడోరా 34 నుంచి ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని గ్రబ్.సీఎఫ్‌జీ కేవలం దారి చూపే చిన్న ఫైల్. పాత సలహా చదివి గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ అవుట్‌పుట్‌ను దాని మీద రాయకండి. రాయాల్సిన చోటు /బూట్/గ్రబ్2/గ్రబ్.సీఎఫ్‌జీ. కెర్నల్ ఎంట్రీలు కూడా అందులో ఉండవు, /బూట్/లోడర్/ఎంట్రీస్‌లో ఒక్కో కెర్నల్‌కు ఒక్కో ఫైల్‌గా ఉంటాయి. కెర్నల్ ఆప్షన్లు మార్చడానికి అక్కడ గ్రబ్బీ అనే టూల్ వాడటం సులువు.

ఫర్మ్‌వేర్‌కు గ్రబ్ గుర్తులేకపోతే

నేరుగా విండోస్ లేస్తోందంటే చాలాసార్లు గ్రబ్ చెక్కుచెదరకుండా ఉంటుంది, వరుస మాత్రమే మారి ఉంటుంది. ఫర్మ్‌వేర్ సెటప్‌లో బూట్ ఆర్డర్ చూడండి. లేదా లైవ్ యూఎస్‌బీలో సుడో ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ కొడితే ప్రతి ఎంట్రీకి నాలుగంకెల నంబర్ కనిపిస్తుంది. లినక్స్‌ది 0003, విండోస్‌ది 0000 అయితే:

సుడో ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ -ఓ 0003,0000

ఇక్కడ ఓ అంటే చిన్న అక్షరం, సున్నా కాదు. లినక్స్ ఎంట్రీయే లేకపోతే పైన చెప్పిన సీహెచ్‌రూట్‌లో గ్రబ్-ఇన్‌స్టాల్ దాన్ని మళ్లీ రాస్తుంది. కొన్ని ఫర్మ్‌వేర్లు మొండివి, రాసిన ఎంట్రీని రీస్టార్ట్ అయ్యేసరికి పారేస్తాయి. వాటి కోసం గ్రబ్-ఇన్‌స్టాల్‌కు --రిమూవబుల్ అని చేర్చండి. అప్పుడు గ్రబ్ ఏ ఎంట్రీ లేకపోయినా ఫర్మ్‌వేర్ వెతికే చోట, ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని బూట్ ఫోల్డర్లో, కూర్చుంటుంది.

ఎస్‌బీఏటీ చెక్ ఫెయిలైందని, సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘన అని వచ్చి మెషీన్ ఆగిపోతే అది కాన్ఫిగ్ తప్పు కాదు. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత డ్యూయల్ బూట్ వాడేవాళ్లు చాలామందికి ఇది తగిలింది. పాత షిమ్‌లను నమ్మొద్దనే జాబితా ఫర్మ్‌వేర్‌లోకి ఎక్కింది. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి లినక్స్‌లోకి వెళ్లి, సుడో మోక్‌యుటిల్ --సెట్-ఎస్‌బీఏటీ-పాలసీ డిలీట్ కొట్టి, ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ లినక్స్‌లోకే రండి. షిమ్‌ను అప్‌డేట్ చేశాక సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చేయండి. ఆపేసి మర్చిపోవద్దు.

రిపేర్ అయ్యాక నేను ఒక్కసారి రీస్టార్ట్‌తో నమ్మను. పూర్తిగా షట్‌డౌన్ చేసి, యూఎస్‌బీ పీకి, మళ్లీ ఆన్ చేస్తాను. యూఎస్‌బీ ఉండగా దాని మీది గ్రబ్ లేచి, మనది లేచిందని భ్రమపడిన సందర్భం ఒకటి ఉంది. బాగా లేచాక ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్, ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ రెండూ కొట్టి, తెరను ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకోండి. ఈసారి నల్ల తెర వస్తే ఏ పార్టిషన్ ఏదో వెతుక్కోవాల్సిన పని ఉండదు.